కుంగిన మనసు, మెదడు ఇంధనం: రుజువులు ఎంతవరకు?

డిప్రెషన్‌తో డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మొదట చెప్పేది దిగులు గురించి కాదు. "ఒంట్లో సత్తువ ఉండట్లేదండీ, పొద్దున లేస్తూనే అలసటగా ఉంటోంది, ఏ పనీ మొదలుపెట్టబుద్ధి కావట్లేదు" అంటారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో జరిగి 1996లో అచ్చయిన ఒక అధ్యయనం ఇందుకు ఒక కారణం చూపింది. దిగులు సంగతి బయటపెడితే నలుగురిలో చులకనవుతామన్న జంకు రోగుల్లో ఎక్కువ. ఒంటి బాధలు చెప్పుకోవడానికి ఆ జంకు అంతగా లేదు. అలాగని నీరసం మర్యాద కోసం చెప్పే సాకేమీ కాదు. వ్యాధిని నిర్ధారించడానికి వాడే లక్షణాల జాబితాలోనే శక్తి సన్నగిల్లడం ఒకటి.

ఈ నీరసానికి మూలం మెదడు కణాల్లోనే ఉందేమోనని వెతికే పరిశోధన గత 20 ఏళ్లలో బాగా పెరిగింది. దానితోపాటే "డిప్రెషన్ అంటే మెదడు బ్యాటరీ దిగిపోవడమే" అన్న మాట యూట్యూబు వీడియోల్లోకి, సప్లిమెంట్ల ప్రచారంలోకి వచ్చేసింది. ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు వాదనలు కలిసిపోయాయి. దీర్ఘకాలిక ఒత్తిడి మెదడు కణాల శక్తి వ్యవస్థను మారుస్తుందన్నది మొదటిది. ఆ మార్పే కుంగుబాటుకు కారణమన్నది రెండోది. శక్తిని పెంచే పదార్థం ఇస్తే కుంగుబాటు తగ్గుతుందన్నది మూడోది. మొదటిదానికి జంతువుల్లో గట్టి ఆధారాలున్నాయి, మనుషుల్లో ఓ మోస్తరుగా ఉన్నాయి. రెండోది తేలలేదు. మూడోదానికి ఉన్నవి చాలావరకు చిన్న చిన్న ట్రయల్స్. అమ్మకాలు మాత్రం మూడోదానితోనే మొదలయ్యాయి.

ఇలాంటి తొందర మనకు కొత్త కాదు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గడమే డిప్రెషన్ అని దశాబ్దాల పాటు ప్రచారం జరిగింది. ఆ వాదనకు నిలకడైన ఆధారం లేదని జోవన్నా మాంక్రీఫ్ బృందం 2022లో సమీక్షించి చెప్పింది. అప్పుడు చాలామంది "అయితే మందులూ పనిచేయవన్నమాట" అనుకున్నారు. అదీ పొరపాటే. 522 ట్రయల్స్‌ను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గానే పనిచేశాయి. మందు పనిచేయడం వేరు, అది ఎందుకు పనిచేస్తుందో మనం అల్లుకున్న కథ నిజం కావడం వేరు. ఇంధనం కథ చదివేటప్పుడు కూడా ఈ తేడా మనసులో ఉంచుకోవాలి.

మెదడు ఖర్చు కొలిచినప్పుడు

శరీరం బరువులో మెదడు వాటా 2 శాతం. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో దాని వాటా సుమారు 20 శాతం. నిల్వ పెట్టుకునే అలవాటు దానికి దాదాపు లేదు. కాలేయంలోలా, కండరాల్లోలా గ్లైకోజన్ పోగుచేసుకోదు. రక్తం ఎప్పటికప్పుడు తెచ్చి ఇచ్చే గ్లూకోజుతోనే నడవాలి. ఆ వచ్చిన శక్తిలో ఎక్కువ భాగం నరకణాల మధ్య సంకేతాల రాకపోకలకే పోతుంది. ఒక సంకేతం వెళ్లిన ప్రతిసారీ కణంలోకి చొరబడిన సోడియంను బయటికి, బయటికి పోయిన పొటాషియంను లోపలికి తోడుతూ ఉండాలి.

మనిషి మెదడు మొత్తం ఎంత ఆక్సిజన్ వాడుతుందో నమ్మకంగా కొలిచిన మొదటివాళ్లు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన సీమోర్ కెటీ, కార్ల్ ష్మిట్. నైట్రస్ ఆక్సైడ్ వాయువును పీల్పించి, మెదడుకు వెళ్లే రక్తంలోను, మెదడు నుంచి తిరిగొచ్చే రక్తంలోను దాని పాళ్లు పోల్చే పద్ధతిని 1940లలో రూపొందించారు. అదే పద్ధతితో లూయీ సోకొలాఫ్ బృందం 1955లో మరో సంగతి చూసింది. మనుషుల చేత లెక్కలు చేయిస్తూ కొలిస్తే, మొత్తం మెదడు వాడకంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఒక పనిలో తలమునకలైనప్పుడు పెరిగే ఖర్చు మొత్తం మీద 5 శాతం కూడా ఉండదని ఆ తర్వాతి పరిశోధనలూ చెప్పాయి. కాబట్టి ఆలోచించి ఆలోచించి మెదడులో ఇంధనం ఇంకిపోయిందనడానికి ఆధారం లేదు. తేడా అంటూ ఉంటే అది మొత్తం ఖర్చులో కాదు, ఏ భాగం ఎంత తీసుకుంటోందన్నదాంట్లో ఉండాలి.

ఆ లెక్క తీయడానికే పెట్ స్కాన్ వచ్చింది. రోగి కొన్ని గంటలు ఏమీ తినకుండా రావాలి. ముందు రక్తంలో చక్కెర చూస్తారు. తర్వాత ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువును తగిలించిన గ్లూకోజు లాంటి పదార్థాన్ని నరంలోకి ఎక్కిస్తారు. ఫ్లోరిన్-18 సగం కరిగిపోయేందుకు పట్టేది 110 నిమిషాలే కాబట్టి పని చకచకా కానివ్వాలి. ఇంజెక్షన్ తర్వాత అరగంట పైగా మసక వెలుతురు గదిలో కదలకుండా, మాట్లాడకుండా పడుకోబెడతారు. ఆ సమయంలో ఏదైనా చదివితే చూపుకు సంబంధించిన భాగం, మాట్లాడితే మాటకు సంబంధించిన భాగం వెలిగిపోయి అసలు లెక్క చెడుతుంది. మెదడు కణాలు ఆ పదార్థాన్ని గ్లూకోజు అనుకుని లోపలికి తీసుకుంటాయి. మొదటి రసాయన మెట్టు దాటాక అది ముందుకూ పోలేదు, సులువుగా వెనక్కీ రాలేదు. కణంలోనే చిక్కుకుంటుంది. స్కానర్ చూసేది ఆ చిక్కుకున్నదాన్నే. వంటింట్లోకి ఎన్ని బియ్యం వెళ్లాయో తెలుస్తుంది కానీ, ఎంత అన్నం ఉడికిందో తెలియదు. తీసుకున్నది నరకణమా, దాన్ని ఆనుకుని ఉండే గ్లియా కణమా అన్నదీ ఆ చిత్రం విడదీసి చెప్పలేదు.

ఇంత పరిమితి ఉన్న పరికరంతోనే లాస్ ఏంజిలెస్‌లో లూయిస్ బాక్స్‌టర్ బృందం 1985లోను, 1989లోను కుంగుబాటు రోగుల మెదళ్లు చూసింది. నుదుటి వెనక, పైకి, పక్కగా ఉండే ప్రీఫ్రంటల్ భాగంలో, ముఖ్యంగా ఎడమవైపు, గ్లూకోజు వాడకం తగ్గి ఉంది. బ్యాటరీ కథకు పునాది ఇదే. ఆ వరసలోనే వచ్చిన మిగతా ఫలితాలను ఎవరూ పెద్దగా ఎత్తుకోరు.

నుదుటి భాగంలో బాగా లోపలికి, కింది వైపు, సబ్‌జెన్యువల్ సింగ్యులేట్ అనే చిన్న ప్రాంతం ఉంది. కుటుంబాల్లో వచ్చే కుంగుబాటులో అక్కడ వాడకం తగ్గిందని వేన్ డ్రెవెట్స్ 1997లో చెప్పాడు. అయితే ఆ రోగుల్లో ఆ ప్రాంతపు పరిమాణమే ఆరోగ్యవంతుల కంటే బాగా చిన్నదిగా కనిపించింది. కణజాలం తగ్గిన మేరకు లెక్క సరిచేస్తే, మిగిలిన కణజాలం మామూలు కంటే ఎక్కువే ఖర్చు చేస్తున్నట్లు తేలింది. పైకి తక్కువగా కనిపించింది, దిద్దితే ఎక్కువైంది. హెలెన్ మేబర్గ్ బృందం కూడా అదే ప్రాంతం అతిగా పనిచేస్తోందని భావించి, 2005లో టొరంటోలో ఆరుగురు మొండి డిప్రెషన్ రోగులకు అక్కడ ఎలక్ట్రోడ్లు పెట్టింది. నలుగురు బాగా కోలుకున్నారు. తర్వాత 90 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి. ఆరు నెలల దగ్గర కరెంటు ఇచ్చినవాళ్లకు, ఇవ్వనివాళ్లకు మధ్య గట్టి తేడా కనిపించలేదు. ఆరుగురితో మొదలైన ఆశ తొంభై మంది దగ్గర ఎలా చల్లారిందో, ముందు రాబోయే క్రియాటిన్ అనే సప్లిమెంట్ గురించి చదివేటప్పుడు కూడా గుర్తుంచుకోవడం మంచిది.

నా దృష్టిలో అన్నిటికంటే ఇబ్బంది పెట్టే ఫలితం షాక్ చికిత్సది, అంటే ఈసీటీది. తీవ్ర కుంగుబాటులో ఈసీటీ అంత బలంగా పనిచేసే చికిత్సలు తక్కువ. న్యూయార్క్‌లో పదిమంది రోగులకు ఈసీటీకి ముందు, తర్వాత పెట్ స్కాన్ తీసి 2001లో ప్రచురించారు. చికిత్స తర్వాత మెదడులో చాలా చోట్ల, ప్రీఫ్రంటల్ భాగంలో సైతం, గ్లూకోజు వాడకం ఇంకా తగ్గింది. ఒక రాత్రి నిద్ర లేకుండా ఉంచితే కొందరు రోగులకు మర్నాడు మూడ్ కాసేపు తేలికవుతుంది. అలా తేలికపడినవాళ్లలోనూ ముందు ఎక్కువగా వెలిగిన సింగ్యులేట్ ప్రాంతంలో వాడకం తర్వాత తగ్గింది. కుంగుబాటు అంటే ఇంధనం తగ్గడమే అయితే, ఇంధన వాడకాన్ని మరింత తగ్గించిన చికిత్సతో మనిషి ఎలా కోలుకుంటాడు? ఒకచోట తక్కువ, మరోచోట ఎక్కువ, పంపకంలో తేడా అనుకోవడమే ఈ ఫలితాలన్నిటికీ కాస్త సరిపోతుంది.

ఒత్తిడి కణంలో ఏం చేస్తుంది

స్కానుల కంటే ఇక్కడ నేల గట్టిగా ఉంది. ఒత్తిడిలో అడ్రినల్ గ్రంథి విడుదల చేసే స్టెరాయిడ్ హార్మోను మెదడులో ఏయే చోట్ల నిలుస్తుందో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్‌యూవెన్ 1968లో చూపించాడు. ఎలుకల్లో అది హిప్పోక్యాంపస్‌లో ఎక్కువగా నిలిచింది. జ్ఞాపకాలకు కేంద్రమైన చోటే ఒత్తిడి హార్మోనుకూ కేంద్రమని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. తర్వాత రాబర్ట్ సపోల్‌స్కీ, సహచరులు ఆ హార్మోన్లు హిప్పోక్యాంపస్ కణాల్లోకి గ్లూకోజు ప్రవేశాన్ని కొంతమేర తగ్గిస్తాయని ప్రయోగశాలలో చూపారు. పరుగు తీయాల్సిన వేళ చక్కెరను కండరాలకు మళ్లించే ఏర్పాటులో అదొక భాగం. కాసేపటి పనైతే నష్టం లేదు. నెలల తరబడి సాగితే ఆ కణాలు మరో దెబ్బను తట్టుకునే శక్తి కోల్పోతాయన్నది సపోల్‌స్కీ వాదన.

ఎలుకలను రోజుకు ఆరు గంటల చొప్పున 21 రోజులు కదలకుండా బంధిస్తే, హిప్పోక్యాంపస్‌లోని కొన్ని నరకణాల కొమ్మలు కురచబారతాయని మెక్‌యూవెన్ ప్రయోగశాల 1990లలో నమోదు చేసింది. బంధనం ఆపాక అవి మళ్లీ పెరిగాయి. ఈ రెండో సగాన్ని చెప్పకుండా "ఒత్తిడి మెదడును చంపేస్తుంది" అని రాసేవాళ్లు చదివేవాళ్ల ఒత్తిడిని పెంచడం తప్ప చేసేదేమీ లేదు. కొమ్మలు కురచబారడం తెగులు కావచ్చు, పొదుపు కూడా కావచ్చు.

మనుషుల్లో ఇలాంటి బంధన ప్రయోగాలు చేయలేం. అయితే ప్రకృతి ఒక దారుణమైన ప్రయోగం చేసి పెట్టింది. కుషింగ్ వ్యాధిలో శరీరం కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనును అదుపు లేకుండా తయారుచేస్తుంది. ఈ రోగుల్లో కుంగుబాటు చాలా ఎక్కువ. 1998లో వీళ్లకు పెట్ స్కాన్ తీస్తే మెదడులో గ్లూకోజు వాడకం తగ్గి ఉంది. చికిత్సతో కార్టిసాల్ దిగాక హిప్పోక్యాంపస్ పరిమాణం కొంత తిరిగి పెరిగినట్లు మరో బృందం చూసింది. హార్మోను నుంచి ఇంధనానికి, అక్కడి నుంచి మూడ్‌కు ఒక దారి ఉండవచ్చని అనుకోవడానికి మనుషుల్లో దొరికిన మేలైన ఆధారం ఇది. కానీ కుషింగ్ వ్యాధిలో కార్టిసాల్ స్థాయి అప్పుల బాధలోనో, ఆఫీసు వేధింపులోనో నలిగే మనిషిలో ఉండే స్థాయి కంటే చాలా ఎక్కువ. దాన్ని దీనికి నేరుగా అన్వయించలేం.

ఇటీవలి మలుపు మైటోకాండ్రియా వైపు. కణం ఇంధనంగా వాడుకునే ఏటీపీ అనే పదార్థం తయారీలో సింహభాగం వీటిదే. కొలంబియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ పికార్డ్ బృందం మనిషి చర్మ కణాలను నెలల తరబడి ఒత్తిడి హార్మోనులా పనిచేసే పదార్థంలో పెంచి చూసింది. అవి మామూలు కణాల కంటే సుమారు 60 శాతం ఎక్కువ శక్తి ఖర్చు చేశాయి, తొందరగా ముసలివయ్యాయి. ఇది బ్యాటరీ కథకు భిన్నమైన కథ. ఇక్కడ తయారీ తగ్గలేదు, ఖర్చు పెరిగింది. ఒత్తిడిలో ఉన్న కణం దాన్ని తట్టుకోవడానికే ఎక్కువ వెచ్చిస్తే, ఎదుగుదలకు, మరమ్మతుకు మిగిలేది తక్కువ. ఆలోచన ఆకర్షణీయంగానే ఉంది. కానీ అవి చర్మ కణాలు, మెదడు కణాలు కావు.

మెదడులో నేరుగా చూసినవాళ్లలో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో కార్మెన్ సాండీ బృందాన్ని చెప్పుకోవాలి. ఎలుకల్లో పుట్టుకతో ఆందోళన ఎక్కువగా ఉండేవి, తక్కువగా ఉండేవి ఉంటాయి. రెండింటినీ కొత్త చోట ఎదురెదురుగా వదిలితే ఆందోళన ఎక్కువ ఉన్నది సాధారణంగా లొంగిపోతుంది. 2015లో ఈ బృందం చూపిందేమిటంటే, అలా లొంగిపోయే ఎలుకల్లో న్యూక్లియస్ అకంబెన్స్ అనే చోట, అంటే ఒక పనికి పూనుకునే ఉత్సాహంతో ముడిపడ్డ ప్రాంతంలో, మైటోకాండ్రియా పనితీరు మందకొడిగా ఉంది. అక్కడితో ఆగకుండా మామూలు ఎలుకలకు ఆ ఒక్క చోట మైటోకాండ్రియాను అడ్డుకునే రసాయనం ఇచ్చారు. అవీ లొంగిపోవడం మొదలుపెట్టాయి. ఆందోళన గల ఎలుకలకు అదే చోట నికోటినమైడ్ ఇచ్చి మైటోకాండ్రియాను ఊపందిస్తే అవి నిలదొక్కుకున్నాయి. రెండు వైపులా తిప్పి చూసిన ప్రయోగం కాబట్టి దీనికి విలువ ఎక్కువ. కారణమే కావచ్చని చెప్పడానికి ఇలాంటివే కావాలి. నికోటినమైడ్ బీ3 విటమినే కదా, మింగేద్దామనుకునేవాళ్లకు ఒక మాట: అక్కడ ఇచ్చింది సన్నని గొట్టంతో మెదడులోని ఒక బిందువులోకి, నోటి ద్వారా కాదు.

చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 2013లో వచ్చిన ఫలితం మరింత చిత్రమైనది. బలమైన ఎలుకల చేతిలో రోజూ దెబ్బలు తిని కుంగిపోయిన చిట్టెలుకల మెదడులో ఏటీపీ తగ్గి ఉంది. ఏటీపీ అందిస్తే వాటి ప్రవర్తన త్వరగా మెరుగైంది. బ్యాటరీ వాదులు ఎగిరి గంతేయాల్సిన ఫలితమే. తీరా వివరం చూస్తే అక్కడ కొలిచింది కణాల బయట ఉన్న ఏటీపీని. ఆస్ట్రోసైట్లనే గ్లియా కణాలు దాన్ని విడుదల చేస్తాయి, పక్క కణం తన గ్రాహకంతో అందుకుంటుంది. అక్కడ ఏటీపీ ఇంధనంగా కాదు, కబురుగా పనిచేసింది. పదార్థం ఒకటే అయినా ఉద్యోగం వేరు.

ఈ ఎలుకల పరీక్షల్లో అంతగా చర్చకు రాని చిక్కు ఒకటుంది. కుంగుబాటు మందులను పరీక్షించడానికి 1977 నుంచి వాడుతున్న పద్ధతి ఎలుకను నీళ్ల పాత్రలో వదిలి, అది ఎంతసేపు ఈదుతుందో, ఎప్పుడు ఈదడం మానేసి తేలుతూ ఉండిపోతుందో చూడటం. ఈదడం మానేస్తే నిస్పృహ అని లెక్క. కానీ కండరాల సత్తువ పెంచిన పదార్థం ఏదైనా ఎలుకను ఎక్కువసేపు ఈదించగలదు. ఈదినా ఒడ్డు లేదని తెలిశాక కదలకుండా తేలడం తెలివైన పొదుపు కూడా కావచ్చు. శక్తికి సంబంధించిన వాదనను శక్తి ఖర్చుతోనే కొలిచే పరీక్షతో నిరూపించడం కష్టం. ఈ పరీక్ష ఒక్కదాని మీదే నిలబడ్డ ఫలితాలను నేను పక్కన పెట్టేస్తాను.

మనుషుల్లో జాడలు

జన్యులోపం వల్ల మైటోకాండ్రియా దెబ్బతిన్న రోగులు 36 మందిని పరిశీలించిన 2007 నాటి అధ్యయనంలో సగానికి పైగా మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తీవ్ర కుంగుబాటు అనుభవించినవాళ్లే. ఇది పెద్ద సంఖ్యే. కాకపోతే తగ్గని జబ్బుతో, చూపు, నడక సన్నగిల్లుతూ బతికేవాళ్లు కుంగిపోవడానికి మైటోకాండ్రియానే కారణం కానక్కర్లేదు.

చైనాలో 11,000 మందికి పైగా మహిళల జన్యుపటాలు పరిశీలించిన కన్వర్జ్ అధ్యయనం 2015లో ఊహించని సంగతి బయటపెట్టింది. పదే పదే కుంగుబాటుకు గురైనవాళ్ల లాలాజలంలో మైటోకాండ్రియా డీఎన్‌ఏ పరిమాణం ఎక్కువగా ఉంది. తగ్గలేదు, పెరిగింది. చిట్టెలుకలను నాలుగు వారాలు ఒత్తిడికి గురిచేసినా అలాగే పెరిగింది, ఒత్తిడి తీసేశాక కొంతవరకు దిగింది. సరిగా పనిచేయని యంత్రాల సంఖ్య పెంచి శరీరం సర్దుకుంటోందా, లేక ఒత్తిడిలో లాలాజలంలో ఉండే కణాల రకాలే మారుతున్నాయా అన్నది ఈ లెక్కతో తేలదు. ఆటిజం ఉన్న పిల్లల్ని సాకే తల్లుల తెల్లరక్తకణాలను పికార్డ్ బృందం 2018లో పరీక్షించింది. వాళ్ల మైటోకాండ్రియా సామర్థ్యం తగ్గి ఉంది. అంతకుముందు రాత్రుల్లో మనసు బాగున్న తల్లుల్లో అది మెరుగ్గా ఉంది. అంటే మూడ్ ముందు మారి కణం తర్వాత మారి ఉండవచ్చు. బాణం రెండో వైపుకూ తిరుగుతుందన్నమాట. పైగా అది రక్తం, మెదడు కాదు.

కాలక్రమం తెలిసేలా జరిగినవాటిలో నెదర్లాండ్స్ అధ్యయనం ఉంది. మొదట్లో డిప్రెషన్ లేని 601 మందిని తొమ్మిదేళ్లు గమనించారు. ఇన్సులిన్ సరిగా పనిచేయని లక్షణాలు ఉన్నవాళ్లకు తర్వాతి కాలంలో కుంగుబాటు వచ్చే అవకాశం ఎక్కువగా కనిపించింది. 2021లో ఈ ఫలితం వెలువడింది. ముందు ఏది, వెనక ఏది అన్న ప్రశ్నకు ఇది కొంత జవాబు. నిద్ర, వ్యాయామం, ఆదాయం లాంటివి రెండింటినీ ఒకేసారి ప్రభావితం చేసి ఉండవచ్చన్న అనుమానాన్ని మాత్రం ఇలాంటి అధ్యయనం పూర్తిగా తీర్చలేదు.

నీలిరంగు నుంచి క్రియాటిన్ దాకా

శక్తిని పెంచే పదార్థం ఇస్తే కుంగుబాటు తగ్గుతుందన్న మూడో వాదనకు వచ్చేసరికి మన భీమవరంలో పుట్టిన మనిషి ఎదురవుతాడు. ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేస్తూ, ద్రావణంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో రూపొందించాడు. మాలిబ్డేట్ కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు చిక్కదనాన్ని బట్టి ఫాస్ఫరస్ లెక్క. కండరాల రసానికి ఆ పరీక్ష చేసినప్పుడు నీలం ఒక్కసారిగా రాకుండా కొంచెం కొంచెంగా చిక్కబడుతూ పోయింది. పరీక్ష పాడైందని వదిలేయలేదు. ఫాస్ఫరస్‌ను మెల్లగా విడిచిపెడుతున్న కొత్త పదార్థమేదో ఉందని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుక్కున్నాడు. ఏటీపీ ఖర్చయిపోయినప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును ఇచ్చి దాన్ని వెంటనే తిరిగి నింపుతుంది. కండరంలోనూ ఇదే, మెదడులోనూ ఇదే.

ఇప్పుడు ఆ రెండింటినీ పుర్రె తెరవకుండా ఎంఆర్‌ఐ యంత్రంతోనే ఫాస్ఫరస్ స్పెక్ట్రోస్కోపీ ద్వారా చూస్తున్నారు. పెట్ స్కాన్ చెప్పలేని సంగతి, అంటే కణంలో శక్తి నిల్వ ఎంత ఉందన్నది, ఇది చెబుతుంది. కాకపోతే సంకేతం బలహీనం. కాబట్టి మెదడులో పెద్ద ముక్కను ఒకేసారి సగటుగా చూడాలి. సబ్‌జెన్యువల్ లాంటి చిన్న చోటు దీనికి అందదు. అమెరికాలోని యూటాలో డిప్రెషన్ మందులకు లొంగని కిశోర బాలికలకు క్రియాటిన్ ఇచ్చి 2016లో ప్రచురించిన ఫలితంలో, రోజుకు 10 గ్రాములు తీసుకున్నవాళ్ల నుదుటి భాగంలో ఫాస్ఫోక్రియాటిన్ దాదాపు 9 శాతం పెరిగింది. నోట్లో వేసుకున్నది మెదడు దాకా వెళ్తుందని దీనితో తేలింది.

వెళ్లి మేలు చేస్తుందా? దక్షిణ కొరియాలో 52 మంది మహిళలకు ఎసిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందుతో పాటు క్రియాటిన్ గానీ ఉత్తుత్తి పొడి గానీ ఎనిమిది వారాలు ఇచ్చారు. 2012లో వెలువడిన ఆ ఫలితంలో క్రియాటిన్ తీసుకున్నవాళ్లు రెండో వారం నుంచే ఎక్కువ మెరుగుపడ్డారు. ఇజ్రాయెల్‌లో చేసిన చిన్న ట్రయల్‌లో తేడా కనిపించలేదు. ఇలాంటివన్నీ కలిపి 2025లో వచ్చిన సమీక్షలో సగటు లాభం కుంగుబాటు తీవ్రతను కొలిచే హామిల్టన్ స్కేలు మీద 2 పాయింట్ల చుట్టూ తేలింది. రోగికి తెలిసేంత తేడా అని చెప్పడానికి అది చాలదని, ఆధారాల నాణ్యత చాలా తక్కువని సమీక్షకులే రాశారు. ఇంకో చిక్కు: హామిల్టన్ స్కేలులో ఒంటి అలసటకు, పని మీద ఆసక్తికి కూడా మార్కులుంటాయి. మూడ్ ఏమీ మారకుండా నీరసం ఒక్కటే తగ్గినా ఆ 2 పాయింట్లలో కొంత వచ్చేస్తుంది. వచ్చిన లాభం ఏ ప్రశ్నల్లో వచ్చిందో విడదీసి చూపని ట్రయల్ ఈ విషయంలో సగమే చెప్పినట్లు.

హాని సంగతీ ఉంది. 2007లో పదిమందితో చేసిన తొలి ప్రయత్నంలో ఇద్దరు బైపోలార్ రోగులు. క్రియాటిన్ మొదలుపెట్టాక ఆ ఇద్దరూ ఉద్రేక దశలోకి, అంటే మేనియా వైపు, జారారు. ఇద్దరితో నియమం కట్టలేం, కానీ కొట్టిపారేయడానికీ లేదు. డబ్బా మీద ఈ హెచ్చరిక ఉండదు. క్రియాటిన్ తీసుకునేవాళ్ల రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగి, కిడ్నీ సమస్యలా కనిపించి కంగారు పుట్టించడం కూడా మామూలే. తీసుకుంటున్నట్లు డాక్టరుకు చెప్పాలి.

మన దగ్గర

2015-16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. 2017 సంవత్సరానికి రాష్ట్రాలవారీగా వేసిన మరో అంచనాలో కుంగుబాటు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల సరసన రెండూ ఉన్నాయి. ఆ అంచనా గణిత నమూనాల మీద ఆధారపడింది, ఇంటింటికీ తిరిగి లెక్కించింది కాదు. సర్వే జరిగిన రాష్ట్రాల్లోనూ తీవ్ర కుంగుబాటు ఉన్నవాళ్లలో దాదాపు 85 శాతం మందికి అప్పట్లో చికిత్స అందలేదు.

ఈ నేపథ్యంలో మైటోకాండ్రియా కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైగా మహిళల రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న చోట, వాళ్ల నీరసాన్ని మెదడు కణంలో ఏటీపీ తగ్గడంగా చెప్పేస్తే ఎదురుగా ఉన్నది వదిలేసి దూరంగా ఉన్నది వెతికినట్లవుతుంది. థైరాయిడ్ మందగించినా, శాకాహారుల్లో బీ12 తగ్గినా, మధుమేహం అదుపు తప్పినా ఇదే నీరసం, ఇదే నిరాసక్తత. ఇవన్నీ మామూలు లాబ్‌లో తేలే సంగతులు. ఇవి సరిచేసినా కొందరిలో దిగులు మిగులుతుంది. ఆ మిగిలినవాళ్లకు ఇప్పటికే వాడుతున్న మందు, కౌన్సెలింగ్ ఆపి పొడి డబ్బా కొనమని చెప్పగలిగే ఆధారం ఇప్పటికైతే ఎక్కడా లేదు.

రెండో వాదన, అంటే శక్తి లోపమే కారణమా అన్నది, తేల్చగల అధ్యయనం ఎలా ఉండాలో ఊహించడం కష్టం కాదు. రక్తహీనత, థైరాయిడ్, మధుమేహం లేవని ముందే చూసుకున్న రోగులను తీసుకోవాలి. ఒకే మనిషికి పెట్ స్కాన్, ఫాస్ఫరస్ స్పెక్ట్రోస్కోపీ రెండూ చేయాలి. చికిత్సకు ముందు ఒకసారి, మొదటి రెండు వారాల్లో మళ్లీ, కోలుకున్నాక ఇంకోసారి. చికిత్సలు కూడా దారులు వేరైనవి కావాలి: మాత్రలు కొందరికి, మాటలతో చేసే చికిత్స కొందరికి, ఈసీటీ కొందరికి. ఫాస్ఫోక్రియాటిన్ ముందు పెరిగి మూడ్ తర్వాత బాగుపడితే కారణం వైపు మొగ్గవచ్చు. మూడ్ ముందు బాగుపడితే అది ఫలితమే. ఏ మార్పూ లేకుండానే కొందరు కోలుకుంటే, కుంగుబాటు అనే ఒకే పేరు కింద ఇంధనంతో ముడిపడ్డ రకం, ముడిపడని రకం రెండూ ఉన్నాయని అనుకోవాల్సి ఉంటుంది. నా అంచనా ఈ మూడో అవకాశమే నిజమవుతుందని.